ఓబులేసు చొక్కా

జేజినాయన పోయిన పన్నెండో రోజు, భోజనాల పంక్తిలో మా మేనత్త భర్త ఒక మాట అన్నాడు. "వంటశాలలో ఎర్రగడ్డలు తరిగొచ్చిన మనిషిని మీరంతా యుద్ధవీరుణ్ణి చేసినారు కదప్పా." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కొందరు నవ్విన తర్వాత నన్ను చూసి విస్తరిలోకి తలవంచుకున్నారు. నేను పెరుగు వడ్డిస్తున్నాను. వడ్డించడం ఆపలేదు.

జేజినాయన అంటే మా నాన్నకు నాన్న. నన్ను పెంచింది ఆయనే. డెబ్బై ఒకటి యుద్ధంలో పడమటి సరిహద్దున ఉన్నానని చెప్పేవాడు. మిలిటరీలో చేరింది నిజం, పింఛను వచ్చింది నిజం. అక్కడ ఏం చేశాడన్నదానికి మాత్రం ఆయన నోటిమాట తప్ప మాకు సాక్ష్యం లేదు. ఆ నోటిమాటకు నిలకడ లేదు. తన పక్కనే చనిపోయిన ఇద్దరి గురించి చెప్పేవాడు, ఇద్దరూ కడప జిల్లావాళ్లే. వేంపల్లె సుబ్బరాయుడు, మగ్గాల ఇంటి ఓబులేసు. ఆయన మాటల్లో ఓబులేసు ఒకసారి చెరకు తోటలో పోయేవాడు, ఇంకోసారి కాలువ గట్టున. ఒకసారి నీళ్లడిగేవాడు, ఇంకోసారి ఏమీ అడక్కుండానే పోయేవాడు. నేను కర్నూల్లో కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఒకే సంగతి రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా కనిపిస్తే రెండింటినీ అనుమానించడం అలవాటైపోయింది.

ఒక్క ముక్క మాత్రం ఏనాడూ మారలేదు. ఓబులేసు పోయాక అతని పెట్టెలో చినిగిన చొక్కా ఒకటి కనిపించిందనీ, తాను దాన్ని ఉతికి, కుట్టి, మడిచి వాళ్లింటికి పంపే సామానులో పెట్టాననీ. అది వినడానికి బాగుండేది. అందువల్లే దాన్ని అన్నిటికన్నా తక్కువ నమ్మాను.

అసలు ఆ ఇద్దరూ ఉన్నారా, ఉంటే జేజినాయన వాళ్ల పక్కన ఉన్నాడా అన్నది తేల్చుకోవాలని ఆషాఢంలో బయల్దేరాను. కాలేజీకి రెండు రోజులు సెలవు పెట్టి, ఆదివారంతో కలుపుకున్నాను. ఎందుకు పోతున్నానో ఇంట్లో చెప్పలేదు. అహోబిలం అన్నాను.

కర్నూలు బస్టాండులో మధ్యాహ్నం మూడు దాటాక నంద్యాల బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. కండక్టరు నా కార్డును, నా ముఖాన్ని రెండుసార్లు పోల్చి చూశాడు. ఫొటో పాతది. ఒక జత బట్టలు, నీళ్ల సీసా, జేజినాయన యూనిఫాంలో ఉన్న చిన్న ఫొటో, అన్నీ ఆయన గుడ్డసంచిలోనే పెట్టుకున్నాను. ఆ సంచి పిడి తెగితే ఆయనే కుట్టాడు. ఒక కుట్టు వేయడం, ముడి బిగించడం, మళ్లీ కుట్టు, మళ్లీ ముడి. ఎద్దుల పలుపులు కట్టిన చేయి కాబట్టో ఏమో, ఏది కుట్టినా అలాగే కుట్టేవాడు. నా బడి సంచి, దిండు గలీబు, దుప్పటి, అన్నిటికీ ఆ ముళ్లే. పట్టుకుంటే వేళ్లకు గుచ్చుకుంటుంది. పారేయబుద్ధి కాక దాన్నే తెచ్చుకున్నాను.

ఆ రాత్రి నంద్యాలలో నాతో చదువుకున్న స్నేహితురాలి ఇంట్లో ఉండి, పొద్దున ఎర్రగుంట్ల మీదుగా కడపకు పోయే ప్యాసింజరు ఎక్కాను. ఈ దారిలో రైళ్లు తక్కువ, వేళలు మారుతుంటాయి. పోయేవాళ్లు ముందురోజే కనుక్కోవడం మంచిది. బనగానపల్లె దాటాక కిటికీలోంచి కనిపించేవి నాపరాళ్ల గనులు, వాటి పక్కన పేర్చిన బండలు. తర్వాత నల్లరేగడి. వాన ఇంకా పడలేదు, దున్ని వదిలేసిన చేలు.

ఎదురుగా కూర్చున్నాయన ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పనిచేస్తాడట. బొరుగుల పొట్లం నా వైపు జరిపి, యాడికి పోతాండావని అడిగాడు. వేంపల్లెలో ఒక మిలిటరీ ఆయన కుటుంబాన్ని కలవాలని చెప్పాను. అతను బొరుగులు నమలడం ఆపాడు.

"భూమి కొంటాండారా మేడం?"

లేదన్నాను. అతను నమ్మలేదు. మిలిటరీ వాళ్లకిచ్చిన పట్టా భూముల కోసం ఈమధ్య శానామంది తిరుగుతున్నారనీ, చచ్చిపోయినోళ్ల పేరుతో కూడా సంతకాలు పెడుతున్నారనీ, మీరు చదువుకున్నవాళ్ల మాదిరి ఉండారు, జాగ్రత్త అనీ చెప్పాడు. జాగ్రత్త ఎవరి నుంచో చెప్పలేదు. ఎర్రగుంట్లలో దిగేటప్పుడు పొట్లం చుట్టి జేబులో పెట్టుకుని, నా సంచీ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఎర్రగుంట్ల స్టేషను బయట చెట్ల ఆకులు సిమెంటు రంగులో ఉంటాయి. లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. బస్టాండు దగ్గర హోటల్లో కారం దోసె తిన్నాను, బాగుంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ప్రొద్దుటూరు నుంచి వేంపల్లెకు పోయే బస్సు పన్నెండు కావస్తుండగా వచ్చింది. అందులో కూర్చోవడానికి చోటు దొరకలేదు.

సుబ్బరాయుడు వాళ్లది వేంపల్లెలో కిరాణా అంగడి. జేజినాయన చెప్పిన పేరుతోనే మెయిన్ రోడ్డు మీద ఉంది. అది చూడగానే ఒక మెట్టు ఎక్కినట్టనిపించింది. కానీ అంగడి పేరు అంత స్పష్టంగా ఆయనకు గుర్తుందంటే, ఎప్పుడో ఈ దారిన పోతూ బోర్డు చదివి ఉండొచ్చు కూడా. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయనకు అరవై ఏళ్లుంటాయి. సుబ్బరాయుడి అన్న కొడుకు. నేను విషయం చెప్తున్నంతసేపూ చింతపండు తూస్తూనే ఉన్నాడు.

"ఎవురు పంపినారమ్మా నిన్ను?" అన్నాడు చివరికి.

ఎవరూ పంపలేదన్నాను. జేజినాయన ఫొటో చూపించాను. ఆయన దాన్ని చేత్తో తాకలేదు. మా చిన్నాయన మిలిటరీలో పోయినాడు, ఆ భూమి కోర్టులో ఉండాది, మా లాయరుతో తప్ప ఎవురితో మాట్లాడేది లేదు అన్నాడు. భూమి సంగతి నాకు తెలియదనీ, ఆయన ఎట్లా పోయాడో మీ ఇంట్లో ఏమనుకుంటారో తెలుసుకుందామనీ అన్నాను.

"యాభై ఏండ్లు ఎవురూ రాల్యా. ఇప్పుడు భూమికి ధర వచ్చినాక అందరికీ మా చిన్నాయన మీద ప్రేమ వస్తాండాది."

అంతటితో నా వెనక నిలబడ్డామెను ఏం కావాలమ్మా అని అడిగాడు. నేను పక్కకు జరిగాను. ఆయనమీద కోపం రాలేదు. నేను ఆయన స్థానంలో ఉంటే ఫొటో చూపించేంతవరకు కూడా వినేదాన్ని కాదు.

సాయంత్రానికి ప్రొద్దుటూరు చేరాను. బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జిలో గది అడిగితే, ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి గది ఇవ్వడానికి కౌంటరులో కుర్రవాడు తటపటాయించి, యజమానికి ఫోను చేసి, ఎవరింటికి వచ్చానో, ఎందుకు ఆ ఇంట్లోనే ఉండలేదో అడిగాడు. వాళ్లు నన్ను ఎరుగరని చెప్పాను. అది ఇంకా అనుమానం పెంచింది. చివరికి ఎనిమిది వందలకు పైఅంతస్తులో గది దొరికింది. నీళ్లు బాగా వస్తాయి, దోమలున్నాయి.

మరునాడు పొద్దున జేజినాయన చెప్పిన ఓబులేసు ఊరికి షేర్ ఆటోలో పోయాను. ఊరి పేరు రాయను, ఆ ఇంటివాళ్లు వద్దన్నారు. ప్రొద్దుటూరికి అరగంట దూరం. నేతపనివాళ్ల వీధి ఏదని అడగనక్కర్లేదు, మగ్గాల చప్పుడే దారి చూపిస్తుంది. ఇప్పుడు ఆ చప్పుడు నాలుగైదు ఇళ్లలోంచే వస్తోంది. మిగతా ఇళ్లకు తాళాలు. ఓబులేసు ఇల్లేదని అడిగితే వీధి అరుగుమీది ముసలామె నన్ను పైనుంచి కిందకు చూసి, యా ఓబులేసు, ఈ వీధిలో ప్రతి ఇంట్లో ఒక ఓబులేసు ఉండాడు అంది. మిలిటరీకి పోయినాయన అన్నాను. ఆమె చేత్తో చివరి ఇంటివైపు చూపించింది.

ఆ ఇంట్లో ఓబులేసు తమ్ముడు పుల్లయ్య, అతని భార్య లక్షుమ్మ ఉన్నారు. పుల్లయ్యకు డెబ్బై దాటాయి. అతను ఆరోజు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు, కానీ నేయడం లేదు. పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయింది, దాని కొనలకు కొత్త పడుగు అతుకుతున్నాడు. పాత పోగు కొన ఒకటి, కొత్త పోగు కొన ఒకటి కలిపి, కొబ్బరి చిప్పలోని బూడిద వేళ్లకు అద్దుకుని మెలిపెట్టడం, వదలడం, మళ్లీ ఇంకో జత. లక్షుమ్మ పక్కన రాట్నం మీద కండెలకు నూలు చుడుతోంది. నన్ను కూర్చోమనలేదు. నేను గడప దగ్గరే నిలబడి చెప్పాను.

పుల్లయ్య తల ఎత్తకుండానే విన్నాడు. మాయన్న సంగతి మాకు ఏమీ తెలీదమ్మా, టెలిగ్రాం వచ్చింది, పెట్టె వచ్చింది, అంతే అన్నాడు. పెట్టెలో ఏమున్నాయని అడిగాను. ఏముంటాయి, ఏమీ లేవు అన్నాడు.

"చొక్కా ఒకటి ఉండాలి" అన్నాను. "చినిగి, కుట్టిన చొక్కా."

రాట్నం ఆగింది. లక్షుమ్మ మొగుడి వైపు చూసింది. పుల్లయ్య వేళ్ల మధ్య ఉన్న పోగులు వదిలేశాడు.

"చొక్కా సంగతి నీకెవురు చెప్పినారు?"

మా జేజినాయన అన్నాను. అతని ముఖంలో నేను అనుకున్న మెత్తదనం రాలేదు. ఇంకా బిగుసుకుంది. మా చిన్నాయన కొడుకులు చెప్పింటారు, వాళ్లు ఈ ఇంటిమీద కన్నేసినారు అన్నాడు. చొక్కా యాడ చినిగింది, భుజం దగ్గరా, చేతి దగ్గరా, చెప్పు అన్నాడు. నాకు తెలియదన్నాను. జేజినాయన అది చెప్పలేదు, నేను అడగలేదు. పుల్లయ్య, చూస్తివా అన్నట్టు, భార్యవైపు తల తిప్పాడు.

"ఆయప్ప అట్లనే మాట్లాడతాడు, నువ్వు కూర్చో పాపా" అని లక్షుమ్మ చాప లాగింది. "కొడుకు సంగతి తెలుసునంటా మాయత్త దగ్గరికి ఇట్లనే శానామంది వచ్చినారు. అందుకే."

మిగతాది ఆమె చెప్పింది, మధ్యమధ్యలో అతను సరిదిద్దాడు. ఓబులేసుకు పెళ్లి కాలేదు. చొక్కా గుడ్డ వాళ్లమ్మ ఈ మగ్గం మీదే నేసి ఇచ్చింది. పెట్టె వచ్చిన రోజు ఊరంతా ఏడుస్తుంటే, ఆమె ఆ చొక్కా తీసి ఎండలోకి తీసుకుపోయి, చినిగిన చోట వేలితో తడిమి, నా కొడుకు చచ్చిపోలేదని చెప్పింది. గుడ్డ నాదే, కుట్టు వానిది కాదు అంది. ఎవరో వాని చొక్కా తొడుక్కున్నాడు, ఆ ఎవరో చచ్చిపోతే వీని పేరు రాసినారు అంది. అదే ఖాయం చేసుకుంది. ఎవరు చెప్పినా వినలేదు. కర్మలు చేయనివ్వలేదు. అహోబిలం నరసింహస్వామి పేరు పెట్టుకున్న కొడుకు, దిక్కులేకపోతే ఆ కొండకే చేరుతాడని నమ్మి, ప్రతి తిరునాళ్లకు అహోబిలం పోయి బైరాగుల ముఖాలు చూసేది. ఒకసారి ఒక బైరాగిని ఇంటికే తీసుకొచ్చింది.

"ఎనిమిది దినాలు సంగటి తిని, రాగి చెంబు ఎత్తుకొని పోయినాడు" అన్నాడు పుల్లయ్య. "మాయమ్మ ఏమనిందో తెలుసునా? మన ఓబులేసే అయినింటే చెంబు కాదు, నన్ను కూడా తీసకపోయేవాడు అనింది."

లక్షుమ్మ నవ్వింది. అతనూ కొంచెం నవ్వాడు. పోయేముందు కూడా ఆమె పుల్లయ్య చేత మాట తీసుకుందట, అన్న వచ్చేదాకా తద్దినం పెట్టొద్దని. ఇప్పటిదాకా పెట్టలేదు.

కుట్టు అతనిది కాదని ఆమెకు ఎట్లా తెలిసిందని అడిగాను. పుల్లయ్య నన్ను బడికి పోని పిల్లను చూసినట్టు చూశాడు. ఎదురుగా ఉన్న పడుగు చూపించాడు. మగ్గం పనిలో పోగుకు ముడి వేయరు. ముడి ఉంటే అది దువ్వెన లాంటి అచ్చు పళ్లలో ఇరుక్కుని పోగు తెగుతుంది. బూడిద అద్ది మెలేస్తారు, చిన్నప్పటినుంచి చేతికి వచ్చేది అదే. ఈ ఇంట్లో గుడ్డ చినిగితే ఆ గుడ్డ పోగులే లాగి, చినుగులో పరిచి, కొనలు మెలేసి అతుకుతారు. ఎక్కడ చినిగిందో కనపడదు.

"ఆ చొక్కాకు ముళ్లుండాయి. మా ఇంట్లో పుట్టినోడు ముడి ఎయ్యడు."

ఆ మాట అంటూనే అతని చూపు నా ఒళ్లోకి దిగింది. సంచి మీద ఆగింది. నేను వచ్చినప్పటినుంచీ పిడి మీద బొటనవేలు ఆడిస్తూనే ఉన్నానని అప్పుడు గమనించాను.

"ఆ సంచి ఎవురు కుట్నారు?"

జవాబు చెప్పేలోపే నాకు అర్థమైంది. చెప్పాను. అతను గుంటలోంచి పైకి లేవడానికి లక్షుమ్మ చేయి పట్టుకోవాల్సి వచ్చింది. లోపలి గదిలో ట్రంకు పెట్టె మూత చప్పుడు. వేపాకు వాసనతో ఒక చొక్కా తెచ్చి చాప మీద పరిచాడు. తెలుపు పసుపైపోయింది. కుడి చేయి మోచేతి కింద జానెడు చినుగు, ఆ పొడవునా నల్లదారం. కుట్టు, ముడి, కుట్టు, ముడి. నా చేతిలోంచి సంచి తీసుకుని పిడిని ఆ చినుగు పక్కన పెట్టాడు.

ముగ్గురం వంగి చూశాం. మగ్గాల చప్పుడు వీధిలోంచి వస్తోంది. పుల్లయ్య వేలు చొక్కా ముడి మీదికి, సంచి ముడి మీదికి, మళ్లీ చొక్కా మీదికి పోయింది. సంచి ముడి ఒకదాన్ని గోటితో గట్టిగా లాగాడు. ఎట్లా వేశాడో చూడాలని. పాత దారం, పుటుక్కున తెగి పిడి సగం ఊడివచ్చింది. అతను పట్టించుకోలేదు.

"మీ జేజినాయన దీన్ని ఎందుకు కుట్నాడు?"

జేజినాయన చెప్పింది చెప్పాను. కంచెమీద ఆరేస్తే చినిగిన చొక్కా అది. తల్లి చేతి గుడ్డ అని ఓబులేసు చెప్పి ఉన్నాడు. చినిగినట్టే పంపితే ఆ తల్లి చూసి ఇంకా బాధపడుతుందని కుట్టాడట.

పుల్లయ్య చొక్కా మడవబోయి, మడవకుండా వదిలేశాడు.

"చినిగినట్టే పంపిచ్చింటే, మాయమ్మ ఏడ్చి ఊరుకునేదమ్మా."

అందులో నిందలేదు. ఉన్నా నాకు వినిపించలేదు. నేను ఏదైనా అనాలని లక్షుమ్మ ఎదురుచూసినట్టుంది. జేజినాయన తరపున క్షమించమనడానికి నాకు నోరు రాలేదు. తల్లి తరపున క్షమించడానికి అతనికీ హక్కు లేదు. ఇద్దరం చొక్కానే చూస్తూ కూర్చున్నాం.

కొంతసేపటికి అతనే, టెలిగ్రాంలో తేదీ ఉండాది, పంచాంగంలో తిథి చూపించుకోవాల అన్నాడు భార్యతో. ఆమె తల ఊపి, కొంగుతో ముఖం తుడుచుకుని, పొయ్యి దగ్గరికి పోయింది. నాకు సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి పెట్టారు. నేను తింటున్నంతసేపూ పుల్లయ్య సంచి ఒళ్లో పెట్టుకుని, తెగిన పిడి బాగుచేశాడు. పిడి గుడ్డలోంచే పోగులు లాగాడు, కొబ్బరి చిప్పలో వేళ్లు అద్దాడు. మిగిలిన ముళ్ల జోలికి పోలేదు. ఒకసారి తల ఎత్తి, మీ జేజినాయన పేరేమి అని అడిగాడు. అప్పటిదాకా అడగలేదు. చెప్పాను. ఆ పేరు పైకి ఒకసారి అనుకున్నాడు.

వస్తుంటే లక్షుమ్మ వీధి చివరిదాకా వచ్చింది. అరుగుమీది ముసలామె ఎవురమ్మా అంటే, మాయత్త తరపు బంధువు అని చెప్పింది.

ప్రొద్దుటూరులో మధ్యాహ్నం రెండు తర్వాత కర్నూలు బస్సు దొరికింది. మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా పోతుంది. చీకటిపడేలోపు కర్నూలు చేరొచ్చు. కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ తగ్గలేదు. ఆళ్లగడ్డలో అహోబిలం నుంచి వచ్చినవాళ్లు గుంపుగా ఎక్కారు, గుండ్లు, గంధం, ప్రసాదం సంచులు. వాళ్లలో కాషాయం కట్టుకున్న ముసలాయన ఒకడున్నాడు. నేను ఆయన ముఖం వైపే చూస్తున్నానని ఆయన నావైపు తిరిగినప్పుడు గానీ తెలియలేదు. ఏమమ్మా అన్నాడు. ఏమీ లేదన్నాను.

ఈ ప్రయాణంలో నాకు తేలింది తక్కువ. చెరకు తోటా కాలువ గట్టా, నీళ్లడిగాడా లేదా, ఇవి ఎప్పటికీ తెలియవు. సుబ్బరాయుడి ఇంట్లో నన్ను ఇప్పటికీ భూమి కోసం వచ్చినదాన్నే అనుకుంటారు. జేజినాయన వంటశాలలో ఎర్రగడ్డలు తరిగి ఉండొచ్చు కూడా. తుపాకి పట్టాడో లేదో నాకు తెలియదు. సూది పట్టాడు. మా మేనత్త భర్తకు ఈ మాట చెప్పాలా వద్దా అని నంద్యాలదాకా ఆలోచించాను. చెబితే, కుట్టినందువల్ల ఏం జరిగిందో కూడా చెప్పాలి. సగం చెప్పడం నాకు రాదు. చెప్పకూడదనే అనుకున్నాను.

బస్సు నంద్యాల దాటేసరికి పొద్దు వాలింది. సంచి ఒళ్లో ఉంది. అలవాటుగా బొటనవేలు పిడి మీద నడిచింది. ముడి, ముడి, ముడి. ఆ తర్వాత నున్నగా ఉంది. అక్కడ తెగిందని తెలిసి కూడా, ఎక్కడ తెగిందో వేలికి దొరకలేదు.